దొంగను ముందే చెప్పిన రుక్కత్త

పార్సిల్ విప్పి, కొత్త నవల మీద బిగించిన పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని గోటితో చీల్చగానే గుప్పుమనే బంక వాసన, అచ్చు సిరా వాసన చాలామందికి ప్రాణం లేచివచ్చే వాసనట. నాకు మాత్రం ఆ వాసనతో పాటే అనుమానం మొదలవుతుంది. ఉప్పళంలో మా ఇంటి వంటగదిలో, డికాక్షన్ దిగేలోపల నిలబడే అట్ట వెనక రాసింది చదువుతాను. ‘ఆఖరి పేజీ దాకా మీరు ఊహించలేరు’ అని ఉంటుంది. ఎవరితో చెబుతున్నావు నాయనా, అనుకుంటాను. ఆ అట్ట వెనక మాటలు రాసేవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. సగం గుట్టు అక్కడే బయట పెట్టేస్తారు. మిగతా సగం మూడో అధ్యాయానికల్లా నాకు తెలిసిపోతుంది.

ఈ మధ్య వస్తున్న థ్రిల్లర్ల మీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ఒకదాంట్లో ఒక ఆడమనిషి ఉంటుంది, ఆమెకు నిన్న జరిగింది ఇవాళ గుర్తుండదు. గుర్తులేక కాదు, చివర్లో పనికొస్తుందని రచయిత ఆమె జ్ఞాపకాన్ని తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడని నా అనుమానం. ఇంకోదాంట్లో పాత స్నేహితులంతా కలిసి కొండ మీది బంగళాకు పోతారు, వాన పడుతుంది, వంతెన కొట్టుకుపోతుంది, ఫోన్లు మూగబోతాయి, ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు. వాళ్ళలో అందరికీ దుప్పట్లు కప్పి, టీ కాచి, ఏడ్చేవాళ్ళ వీపు నిమిరే మంచి మనిషి ఒకడుంటాడు. వాడే. కావాలంటే పందెం కాయండి, వాడే.

ఫాంటసీ నవలల సంగతి సరేసరి. ఇటుకంత లావు, మొదటి పేజీలోనే ఒక పటం. పటం ఉందంటే రచయిత మనల్ని చాలా దూరం నడిపించబోతున్నాడని అర్థం, నేను చెప్పులు సర్దుకుంటాను. కమ్మరి ఇంట్లో పెరిగిన పిల్ల మూడో పుస్తకం చివర రాజుగారి కూతురని తేలుతుంది. మొదటి పుస్తకంలో ఆ పిల్ల మెడ మీద మచ్చను మూడుసార్లు వర్ణించినప్పుడే ఆ సంగతి తెలియదా ఏం? కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. సైన్స్ ఫిక్షన్ అంటే కొంచెం ఇష్టమే నాకు. కానీ చచ్చిపోయినవాళ్ళ జ్ఞాపకాలు దాచే యంత్రం ఎలా పనిచేస్తుందో నాలుగు పేజీలు రాసే పెద్దమనిషి, ఆ నక్షత్రాల ఓడలో అంతమందికి తాగునీళ్ళు ఎక్కడివో ఒక్క ముక్క రాయడు. నీళ్ళ సంగతే దాచినవాడు ఇంకేమేం దాచాడో అని పేజీ పేజీకీ అనుమానమే.

“ఇట్లా అనుమానపడేదానికి చదివేది ఎందుకు మేడమ్?” అని మా ఆఫీసులో పక్క సీటాయన అడిగాడు. అనుమానం లేకపోతే చదివేది ఎందుకు అని నేనడిగాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. చిన్నప్పుడు ముత్తియాల్‌పేటలో ఒక తిన్నె మీద, కాజాలు కుట్టే ఒక ఆడమనిషి దగ్గర నేర్చుకున్నాను.

మా వీధి సముద్రం వినిపించేంత దగ్గర, కనిపించనంత దూరం. తెల్లవారకముందే మిల్లు కూత వినబడేది, దాన్ని మేం సంగు అనేవాళ్ళం. సంగు కూయగానే సైకిళ్ళ మీద మగవాళ్ళు వెళ్ళిపోయేవారు, ఆ వెనకే ముంగిళ్ళలో పేడనీళ్ళు చల్లిన చప్పుడు, లేత్ పట్టెడలో ఇనుము కోసే కీచు, మూలన ఇంకా ఆడుతున్న ఒకటి రెండు మగ్గాల టకటక, వాటి మీదుగా ఉప్పుగాలి మోసుకొచ్చే ఎండుచేపల వాసన. మేమంతా తెలుగువాళ్ళమే. ఎన్ని తరాల కింద వచ్చారో, ఏ ఊరినుంచి వచ్చారో మా తాతలకే తెలియదు. వాకిలి లోపల తెలుగు, వాకిలి దాటితే తమిళం, బడిలో ఇంకేదో. ఆ తెలుగు కూడా అందరి నోళ్ళలోనే ఉంది గాని, చదవడం ఒక్కరికీ రాదు. మా అమ్మకు వచ్చు. ఆమె నెల్లూరు పక్కనుంచి వచ్చిన కోడలు.

మా మేనమామ వచ్చినప్పుడల్లా చెల్లెలి కోసం పాత పాకెట్ నవలల కట్ట ఒకటి గోనెతాడుతో కట్టి తెచ్చేవాడు. అట్టల మీద కత్తులు, నీలం కళ్ళ ఆడవాళ్ళు, పుర్రె పట్టుకున్న మంత్రగాళ్ళు, గాజు టోపీలు పెట్టుకుని చంద్రుడి మీద దిగుతున్న మనుషులు. మధ్యాహ్నం సంగు కూసి, మొదటి షిఫ్టు మగవాళ్ళు వచ్చి తిని నడుం వాల్చాక, వీధిలో ఆడవాళ్ళంతా కస్తూరి పెద్దమ్మ ఇంటి అరుగు మీదికి చేరేవాళ్ళు. ఆ అరుగే తిన్నె. కస్తూరి పెద్దమ్మ మా ఇంటికీ, వెనక వాటాకూ సొంతదారు. వయసులో పెద్ద, గొంతులో ఇంకా పెద్ద. ఒకరు రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ఒకరు చిన్నుల్లిపాయలు ఒలుస్తూ, ఒకరు కనకాంబరాలు కడుతూ కూర్చుంటే, అమ్మ గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకుని గట్టిగా చదివేది. నడివేసవి కత్తిరి ఎండల్లో పుచ్చకాయ ముక్కలు, ఐప్పసి నెల వానల్లో వేడి వేడి బొరుగులు, మాసి మఘం పండక్కి దేవుళ్ళంతా సముద్రస్నానానికి మా వీధి చివరనుంచి ఊరేగిపోతుంటే మాత్రం చదువు ఆపి అందరూ పరిగెత్తి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ వచ్చి, “ఊఁ, ఆ పొద్దు తలుపు తట్టింది ఎవురు?” అని కూర్చునేవాళ్ళు.

వాళ్ళలాంటి విమర్శకులను నేను మళ్ళీ చూడలేదు. కుజగ్రహం మీద పట్నం కట్టుకున్న మనుషుల కథ అమ్మ మొదలుపెట్టిన రోజు బాగా గుర్తు. గాజు మేడలు, ఎగిరే బండ్లు అన్నీ ఓపిగ్గా విని కస్తూరి పెద్దమ్మ చేటలో బియ్యం ఎగరేయడం ఆపింది.

“అది సరేలే. నీళ్ళు యాడనుంచి తెచ్చుకుంటా ఉండారు వాళ్ళు?”

“రాయలేదు పెద్దమ్మా.”

“అయితే అది పొయ్యిలో పెట్టు. కొళాయి దగ్గిర కొట్లాట లేకుండా పట్నం ఏంది పట్నం!”

మంత్రగాడి ఏడంతస్తుల కోట కథకు కూడా అదే గతి పట్టింది. ఇంత కోట ఎవరు ఊడుస్తున్నారని అడిగారు. దయ్యాలు ఊడుస్తాయని రాశాడంటే, దయ్యానికి కూలి ఏమిస్తున్నాడని అడిగారు. అందుకే మా వీధిలో దొంగల కథలే నిలిచాయి. వాటికో పద్ధతి ఉండేది. ఆఖరి అధ్యాయం ముందు అమ్మ పుస్తకం మూసి, వేలు లోపల పెట్టుకునేది. అప్పుడు తిన్నె మీద కూర్చున్న ప్రతి ఒక్కరూ వరసగా, చేసింది ఎవరో చెప్పాలి. ‘పేరు చెప్పేది’ అనేవాళ్ళం దాన్ని. సరిగ్గా చెప్పినవాళ్ళకు ఆ రోజు కట్టిన పూలలో పొడుగాటి మూర. తప్పు చెప్పినవాళ్ళను మర్నాటి దాకా వీధంతా ఏడిపించేది. మిల్లు చెంగమ్మ అనే ఆమె, మిల్లులో పనిచేసి ఆరోగ్యం చెడి మానేసింది, ఎప్పుడూ పోలీసునే దొంగ అనేది. ఏ కథైనా పోలీసే.

రుక్కత్త మా వెనక వాటాలోకి అద్దెకు వచ్చాక ఆ పూలమూర ఇంకెవరి జడలోకీ పోలేదు. ఆమె అసలు పేరు రుక్మిణి. పిల్లల్లేరు. మొగుడు లారీ డ్రైవరు. మా వీధిలో ఇద్దరు కుప్పుస్వాములు ఉంటే ఆయన ఎం. కుప్పుస్వామి, వచ్చినట్టే వచ్చి నెలలకొద్దీ రోడ్ల మీదే ఉండేవాడు. రుక్కత్త దర్జీ కొట్టునుంచి రవికల మూటలు తెచ్చుకుని హుక్కులు, కాజాలు కుట్టేది. తిన్నె మీద కూడా కుడుతూనే వినేది, తల ఎత్తేది కాదు. సన్నటి మనిషి, చామనఛాయ, ముక్కుకు ఒక ఎర్రరాయి. కథ సగంలో ఉండగానే దారం పళ్ళతో తెంపి, “ఆ తమ్ముడే అక్కా,” అనేది. అమ్మకు ఒళ్ళు మండేది. “నోరు మూసుకోవే రుక్కూ, కథ చెడిపోతాది!” అని అరిచేది. ఆఖరికి ఆ తమ్ముడే అయ్యేవాడు.

నేను ఆమె కొంగు పట్టుకుని వదిలేదాన్ని కాదు. సూదిలో దారం ఎక్కించి ఇస్తూ, ఎట్లా తెలుస్తుందత్తా అని ప్రాణం తీసేదాన్ని.

“కథలోకి ఊరికే వచ్చినోడు ఎవుడూ ఉండడు పాపా. రాసేటోడికి కాగితం సుమ్మా ఊరికే వస్తాదా? పనీపాటా లేకుండా వచ్చి కాఫీ తాగిపోయినాడు చూడు, వాణ్ణి గుర్తు పెట్టుకో,” అనేది. ఇంకో మాట కూడా అనేది, ఇది తిన్నె మీద అందరికీ వినబడేటట్టే అనేది. “ఇంట్లో అందురూ ఏడస్తా ఉంటే, పరిగెత్తి నీళ్ళు తెచ్చి ఇచ్చేటోడు ఉంటాడు. నీళ్ళు వద్దు, వాడి మొగం చూడు.”

ఆ మాట మా వీధిలో సామెత అయిపోయింది. ఎవరింట్లోనైనా పాలు పొంగిపోతే నీళ్ళు తెచ్చినవాడి ముఖం చూసేవాళ్ళం. పిల్లలం చీట్లు వేసుకుని రాజూ, మంత్రీ, దొంగా, పోలీసూ ఆడితే నాకు పోలీసు చీటీ వచ్చినప్పుడల్లా దొంగను ఇట్టే పట్టేదాన్ని. దొంగ చీటీ తీసినవాడు తప్పకుండా ముందు నన్ను చూసి నవ్వుతాడు. ఇది కూడా రుక్కత్త చెప్పిందే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే కాలం పోయింది పాపా, ఇప్పటి దొంగ పక్కవాడి భుజం తుడుస్తాడు అనేది, నవ్వేది. నాకు తొమ్మిదేళ్ళు అప్పుడు. ప్రపంచంలో అంత తెలివైన మనిషి ఇంకొకరు లేరని నా నమ్మకం.

ఆ ఏడు ఆడి నెలలో, అమ్మవారికి అంబలి పోసే ఆదివారం అది. పొద్దున్నుంచీ వీధంతా రాగిపిండి ఉడికిన వాసన, వేపాకు వాసన, ఎండుచేపల పులుసు వాసన. అండాలు మోసేవాళ్ళు, చెంబులతో నిలబడ్డవాళ్ళు, మధ్యలో పిల్లలు. కాన్పుకు వచ్చి పుట్టింట్లోనే ఉన్న కస్తూరి పెద్దమ్మ కూతురు ధనం, తన పసివాణ్ణి ఒడినుంచి ఒడికి మార్చి అందరి చేతా ఎత్తించింది. సాయంత్రం స్నానం చేయించబోతే వాడి ఎడమకాలికి పట్టీ లేదు. వెండి పట్టీలు, మువ్వలవి, అత్తగారివాళ్ళు పెట్టినవి. వచ్చే నెల ధనం అత్తగారింటికి పోవాలి.

“మా అత్త నన్ను ఇంట్లోకి రానిస్తాదా అమ్మా?” అని ధనం పెట్టిన ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. పట్టీ పోతే వియ్యాలవారి ముందు తలవంపులని కస్తూరి పెద్దమ్మ వణికిపోయింది. అప్పుడు వెతకడానికి అందరికంటే ముందు కొంగు బిగించింది రుక్కత్త. బియ్యం డ్రమ్ము పక్కకు జరిపింది, చాపలు దులిపింది, పొయ్యిలో బూడిద జల్లెడ పట్టింది, కాలవలో మోచేతి దాకా చెయ్యి పెట్టి బురద తీసి తీసి చూసింది. చీకటి పడేదాకా వెతికింది. దొరకలేదు. వెక్కిళ్ళు పెడుతున్న ధనానికి చేతులు కడుక్కుని వచ్చి, చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఆ క్షణంలో మిల్లు చెంగమ్మ కస్తూరి పెద్దమ్మ వైపు చూసింది. కస్తూరి పెద్దమ్మ మా అమ్మ వైపు చూసింది. అమ్మ నేల చూసింది.

మర్నాడు తిన్నె మీద చదువు మానలేదు. మానేసి ఉంటే బాగుండేది. జమీందారు బంగళాలో హత్య జరిగిన కథ ఒకటి ఆ రోజుతో అయిపోవాలి. సంగీతం నేర్పే పంతులు చేశాడని రుక్కత్త నా చెవిలో ఎప్పుడో చెప్పింది. అమ్మ తిడుతుందని పైకి అనలేదంతే. అమ్మ పుస్తకం మూసింది. ఒక్కొక్కరూ పేరు చెప్పారు. చెంగమ్మ మామూలుగా పోలీసు అంది. ఎవరూ నవ్వలేదు. రుక్కత్త వంతు వచ్చింది.

“ఆమెని అడిగేదేంది?” అంది చెంగమ్మ. “ఆమెకి తెలీకుండా ఉంటాదా? పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి.”

రుక్కత్త చేతిలో సూది ఆగింది. కుట్టేటప్పుడు ఎప్పుడూ తల ఎత్తని మనిషి తల ఎత్తింది. ఒక్కొక్కరి ముఖమూ చూసింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. కస్తూరి పెద్దమ్మ చేటలో లేని రాళ్ళు ఏరుతోంది.

“నాకు తెలీదక్కా,” అంది రుక్కత్త మా అమ్మతో. “నువ్వే చదువు.”

అమ్మ చదివింది. సంగీతం పంతులే. పుస్తకం మూశాక చెంగమ్మ, “ఇన్నాళ్ళూ సగం కథలోనే చెప్పింది, ఈ పొద్దు మాత్రం తెలీదంట, చూసినారా,” అంది. ఆమెకు తెలుసు, నాకు చెప్పింది అని అరవాలనుంది. అరిస్తే, చూశారా తెలిసీ దాచిందంటారు. తెలుసంటే దొంగ, తెలియదంటే దొంగ. నవలల్లో ఇలాంటి చిక్కులో పడ్డ మనిషికి ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చి సాక్ష్యం చెబుతారు. మా వీధిలో ఎవరూ రాలేదు.

ఆ సాయంత్రం మా నాయన అన్నం ముందు కూర్చుని, “మీరెవురన్నా కంటితో చూసినారా?” అని ఒక్క మాట అడిగాడు. అమ్మ చారు పోసింది. “నేనేమన్నా అన్నానా?” అంది. అనలేదు, నిజమే. ఎవరూ ఏమీ అనలేదు. రుక్కత్త ముఖం మీద ‘నువ్వు తీశావు’ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆమె కొళాయి దగ్గరకు వస్తే మాటలు ఆగిపోయేవి, అంతే. పిల్లల్ని వెనక వాటా వైపు ఆడుకోవద్దనేవాళ్ళు, అంతే. ఆమె తిన్నె మీదికి రావడం మానేస్తే, “నిప్పు లేనిదే పొగ వస్తాదా?” అని మళ్ళీ అదొకటి.

వినాయక చవితికి ఆమె ఎప్పటిలాగే ఇంటింటికీ కుడుములు పంపింది. కొబ్బరి, బెల్లం పూర్ణంతో, పల్చటి పైపొరతో ఆమె చేసినట్టు మా వీధిలో ఎవరికీ చేతకాదు. కస్తూరి పెద్దమ్మ ఇంటినుంచి గిన్నె మూత తీయకుండానే తిరిగి వెళ్ళింది. మా అమ్మ తీసుకుంది. తీసుకుని, వంటింట్లో తలుపు చాటున నిలబడి, నాకొకటి పెట్టి తానొకటి తినింది. తిన్నె మీద కూర్చుని తినలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఎం. కుప్పుస్వామి ఒక బండి తెచ్చి సామాను ఎక్కించాడు. మూలకుళంలో ఇల్లు చూసుకున్నారట. ఒక ట్రంకు పెట్టె, రెండు అండాలు, రవికల మూట, తులసి కుండీ. ప్రతి ఇంటి తలుపూ ఓరగా తెరిచి ఉంది, బయటికి మాత్రం ఎవరూ రాలేదు. నేను బండి వెనక వీధి చివర దాకా నడిచాను. రుక్కత్త నా తల నిమిరి, “బాగా చదువుకో పాపా. ఇంటికి పో, మీ అమ్మ వెతుకుతాది,” అంది. ఆమె కళ్ళు తడిగా లేవు. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

పట్టీ కార్తీకంలో దొరికింది. పసివాడు పాకడం మొదలుపెట్టాడని అత్తగారింటినుంచి ధనం కబురు పంపింది, చీర ఊయల ఇంక వద్దని దింపి ఉతకబోతే, ముడి దగ్గర మడతలో, నూలుపోగులకు కొక్కెం తగులుకుని మువ్వలతో సహా భద్రంగా ఉంది. అందరూ అంతటా వెతికారు గాని, నిద్రపోతున్న బిడ్డను లేపడమెందుకని ఊయలను ఎవరూ ముట్టుకోలేదు. కస్తూరి పెద్దమ్మ ఆ పట్టీని అరచేతిలో పెట్టుకుని నడివీధిలో కూలబడి ఏడ్చింది. అప్పుడు వినాలి మా వీధిని! “నేను ఆ పొద్దే అనుకున్నా, ఆమె అట్లాంటి మనిషి కాదని,” అంది ఒకామె. “నాకు ముందే తెలుసు,” అంది ఇంకొకామె. చెంగమ్మ కూడా, “నేనేమన్నా పేరు పెట్టి అన్నానా?” అంది. పుస్తకం అయిపోయాక నాకు ముందే తెలుసు అనేవాళ్ళంటే నాకు అప్పట్నుంచే అనుమానం. ముందే తెలిస్తే ముందే చెప్పాలి కదా. చెప్పిన ఒక్కతె ఏమైందో చూశాం.

అమ్మా, కస్తూరి పెద్దమ్మా, నేనూ టౌన్ బస్సెక్కి మూలకుళం పోయాం. అప్పట్లో అక్కడ ఇళ్ళ మధ్య ఇంకా పొలాలు, గట్ల మీద కొంగలు. రుక్కత్త మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. చాప పరిచింది, మజ్జిగ ఇచ్చింది, ధనం అత్తగారింట్లో ఎట్లా ఉంది, పసివాడికి పళ్ళు వచ్చాయా అని అడిగింది. కస్తూరి పెద్దమ్మ అంత పెద్దమనిషి, రెండు చేతులూ జోడించింది.

“పోనీలే పెద్దమ్మా,” అంది రుక్కత్త ఆ చేతులు విడదీస్తూ. “బిడ్డది బిడ్డకి వచ్చింది గదా. ఏడవబాక.”

అమ్మ ఉండబట్టలేక, “వెనక వాటా కాళీగానే ఉండాది రుక్కూ. మా అన్న కొత్త కట్ట తెచ్చినాడు, ఇంకా విప్పలేదు. నువ్వొస్తేనే మొదలుపెడతాం. రా,” అంది. ఆ గొంతులో బతిమాలుకోవడం నేనెప్పుడూ విని ఎరగను.

రుక్కత్త నవ్వింది. “వద్దక్కా. నేను వచ్చి కూర్చుంటే కనుక్కోకుండా ఉండలేను. కనుక్కుంటే, మీరు మళ్ళీ నా మొగమే చూస్తారు.”

బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కొత్త కట్ట విప్పారు. చదువు సాగింది. కానీ ఆఖరి అధ్యాయం ముందు అమ్మ పుస్తకం మూసి, ఊఁ, పేరు చెప్పండి అంటే, ఒక్కరూ నోరు తెరవలేదు. “మాకేం తెలుస్తాదమ్మా, నువ్వే చదువు,” అనేవాళ్ళు. చివరికి చెంగమ్మ కూడా పోలీసు అనడం మానేసింది. దొంగ ఎవరో తెలిసిన ముఖాలు నాకు కనబడుతూనే ఉండేవి. ఉల్లిపాయలు ఒలిచే చేతులు ఒక్క క్షణం ఆగేవి, ముఖాలు మాత్రం కదిలేవి కాదు. తప్పు చెబితే నవ్వుతారనే భయం కాదది, ఒప్పవుతుందేమోనని భయం. అలా ఒక వేసవి గడిచింది. తర్వాత మూలింట్లో టీవీ వచ్చింది, తిన్నె ఖాళీ అయింది. అందరూ తప్పు టీవీ మీద వేశారు. నేను నమ్మను.

ఇప్పుడు ఆ తిన్నె లేదు. పగలగొట్టి బండ్లు నిలపడానికి సిమెంటు వాలు పోశారు. సంగు లేదు, మగ్గాల చప్పుడు లేదు. వీధిలో తెలుగు ముసలివాళ్ళు పిల్లల్ని తిట్టేటప్పుడు మాత్రం వినబడుతుంది. కస్తూరి పెద్దమ్మ పోయింది, చెంగమ్మ పోయింది, మా అమ్మా పోయింది. రుక్కత్త మూలకుళంలోనే పోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది. నేను మాత్రం చదువుతూనే ఉన్నాను. ఎన్ని థ్రిల్లర్లు చదివినా ఒక కోపం తీరదు. రెండువందల పేజీలు తోటమాలిని అనుమానిస్తారు, ఇల్లంతా సోదా చేస్తారు, పెళ్ళాం ముందు నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. అసలు దొంగ దొరకగానే కథ అయిపోతుంది. ఆ తోటమాలి మర్నాడు పనికి ఎలా వచ్చాడు? అతను తెచ్చిన పూలు ఆ ఇంట్లో ఎవరైనా చేత్తో అందుకున్నారా? ఇంతవరకూ ఒక్కడూ రాయలేదు. చంద్రుడి మీదికి పోతారు, మూడు సూర్యుళ్ళున్న లోకాలు కడతారు, ఈ ఒక్క చోటికి మాత్రం ఎవరూ రారు.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. అందుకని సాయంత్రాలు అది వంట చేస్తుంటే నేనే గట్టిగా చదివి వినిపిస్తుంటాను. మొన్న కొత్త థ్రిల్లరు, ఆస్పత్రిలో జరిగే కథ, నాలుగో అధ్యాయంలో ఉన్నాం. అది పప్పులో పోపు వేస్తూ, ఇటు తిరగకుండానే, “ఆ నర్సేమ్మా,” అంది. “ఊరికే వచ్చి అందరికీ నీళ్ళిస్తా ఉండాది.”

రుక్కత్త పేరు నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు. నా అనుమానం కూడా ఆ నర్సు మీదే. శభాష్ అనాలి, జడలో పూలు పెట్టాలి. నేను చేసిందేమిటంటే, చప్పున లేచి దాని నోటి మీద చెయ్యి పెట్టడం.

“గట్టిగా అనబాకే,” అన్నాను.

అది నా చెయ్యి తీసేసి వింతగా చూసింది. “ఎవురు వింటారమ్మా? ఇంట్లో ఉండేది మనమిద్దరమే గదా.”